రెండు వేళ్ళ సందు

మిర్యాలగూడలో సాగర్ రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డుకు ‘మత్తయ్య డ్రైవింగ్ స్కూల్’ అన్న బోర్డు పదహారేళ్ళపాటు వేలాడింది. 1997 ధనుర్మాసంలో ఆ బోర్డు ఉంటుందా, దిగుతుందా అన్న సంగతి ఒక ఎర్ర కారు దగ్గరికి వచ్చి ఆగింది. ఆ కారు చక్రానికీ, దాని మీది రేకుకూ నడుమ ఎంత సందు ఉండాలన్నదే ప్రశ్న. ఆ సందును చెడగొట్టినవాణ్ణి నేను. కనుక ఈ కథ చెప్పవలసిన భారమూ నాదే.

ముప్పైయొక్క ఏళ్ళు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకొన్నవాణ్ణి. మత్తయ్య కూతురు ఎస్తేరు నా శిష్యురాలు. పద్యపాదానికి గణవిభజన చేయమంటే తక్కిన పిల్లలు వేళ్ళు మడుచుకొని లెక్కపెట్టేవారు. ఆ పిల్ల మాత్రం కళ్ళు మూసుకొని వినేది. గురువెక్కడో లఘువెక్కడో చెవితోనే పట్టేది. ఆ చెవి తండ్రి ఇచ్చినది. ఇంజను చప్పుడు విని, బండిని చూడకుండానే జబ్బు చెప్పగలవాడు మత్తయ్య. ఆ విద్య ఆయనకు తరువాత మరీ అక్కరకు వచ్చింది. రెండేళ్ళ కిందట కళ్ళకు పొర కమ్మి, ఎదుటి మనిషి ఆకారమే తప్ప ముఖం తెలియని స్థితి ఏర్పడింది. అప్పటినుండి కారు నేర్పే పనిని ఎస్తేరు అందుకొన్నది. అప్పటికి ఆమె వయస్సు ఇరవై ఆరు.

చిక్కు అక్కడే మొదలైంది. “ఆడామె దగ్గర గేరు నేర్సుకున్నవా?” అని తోటివారు నవ్వుతారని మగవాళ్ళు రావడం మానేశారు. ముందు ఎవరైనా వస్తే మేమూ వస్తామని ఆడవాళ్ళు ఆగిపోయారు. ముందు రావలసిన ఆ ఒక్కరు మాత్రం రెండేళ్ళుగా రాలేదు.

కోదాడలో డ్రైవర్ల సంఘం వారు కోతలు ముగిశాక ఏటా మలుపుల పోటీ పెట్టేవారు. ఒక రైసుమిల్లు ఆవరణలో, వడ్లు ఆరబోసే సిమెంటు నేల మీద ఖాళీ డబ్బాలను వరుసగా నిలిపి, వాటి నడుమ కారును పాములా తిప్పాలి. ఆపైన మిల్లు వెనుక, లారీలు తొక్కి గుంటలు చేసిన మట్టిబాటను చుట్టి రావాలి. ఒకసారికి ఒక్క బండే. తక్కువ సమయంలో వచ్చినవారిది మొదటి స్థానం. డబ్బా తగిలితే తగిలినప్పుడల్లా ఐదు సెకండ్లు కలుపుతారు. కిందటి ఏడు ఎస్తేరు తిప్పినప్పుడు మూడు డబ్బాలు మోగాయి. చూసేవాళ్ళకు పోటీ అంటే దుమ్మూ, వేగమూ. కంచె పక్కన కుర్చీలో కూర్చున్న మత్తయ్యకు మాత్రం ఆ మూడు చప్పుళ్ళే పోటీ.

ఈ ఏడు పోటీ మాట రాగానే ఆయన తీర్మానం చెప్పాడు. నేను అక్కడే ఉన్నాను.

“ఈసారి ఒక్క డబ్బ మోగకుండ ఫస్టొస్తె, బోర్డు మీద నా పేరు తుడిపిచ్చి నీ పేరు రాపిస్త. మోగిందా, బోర్డు దింపుత. కారు ఐలన్నకు ఇస్త, టాక్సీ నడుపుకుంటడు. నువ్వు పొయ్యి టీచరు పరీచ్చకు సదువుకో.”

“గంతేనా నాయినా?”

“గంతే.”

“అయితె నా పేరు పెద్ద పెద్ద అచ్చరాలల్ల రాపియ్యాలె. సిన్నగ రాస్తె నీకు కనవడది.”

మత్తయ్య నవ్వు బయటపడకుండా మీసం తుడుచుకొన్నాడు.

ఆ కారు మారుతి జెన్. ఒక మిల్లు యజమాని కొడుకు దానిని చింతచెట్టుకు గుద్ది వదిలేస్తే, మత్తయ్య తెచ్చి మళ్ళీ మనిషిని చేశాడు. చూడటానికి చిన్నదే, కాని ఆ రోజుల్లో మా పట్టణంలో అంత చురుకైన బండి మరొకటి లేదు. మన బాటల గోతులకు తగినట్టు కాస్త ఎత్తు మీద నిలిచేది. డబ్బాల నడుమ వేగంగా తిప్పినప్పుడు ఆ ఎత్తు వల్లనే పక్కకు ఒరిగేది.

ధనుర్మాసం మొదటి రోజున సూర్యాపేటలో పురాణం చెప్పవలసి ఉండి నేను బస్సు కోసం నిలబడితే, ఎర్ర కారు వచ్చి ఆగింది. “నేను బాల్యన్న దగ్గరికే పోతున్న సార్, కూసోండ్రి,” అన్నది ఎస్తేరు.

బాల్యాది దామరచర్ల దగ్గరి తండా. సూర్యాపేటలో హైవే పక్కన షెడ్డు వేసుకొని లారీలకు కమాన్‌లు కట్టేవాడు. అంటే, లారీ బరువు మోయడానికి చక్రాల మీద విల్లులా వంగి ఉండే ఉక్కుపట్టీల కట్టలు. కమాన్ అన్న మాటకు విల్లు అనే అర్థం. “ధనుర్మాసంలో విల్లులు కట్టేవాని దగ్గరికే వచ్చినం బాల్యా,” అన్నాను. “మాకు పన్నెండు నెలలు గదే మాసం సారు,” అన్నాడతడు, సుత్తె దించకుండానే.

కారును చూసి బాల్యా ముందు చక్రం దగ్గర కూర్చున్నాడు. చక్రానికీ పై రేకుకూ నడుమ చేయి పెట్టాడు. నాలుగు వేళ్ళూ దూరాయి.

“సూడు చెల్లె. ఏనుగు మీద కూసోని కుస్తీ పట్టినట్టున్నది నీ కత. గీడ రెండు వేళ్ళే పట్టాలె. బండి రెండు వేళ్ళు కిందికి దిగిందనుకో, భూమిని గట్టిగ పట్టుకుంటది.”

“మారుతి పేరు పెట్టుకున్న బండి గదా,” అన్నాను. “ఆ స్వామి సముద్రం దాటేటప్పుడు పెరిగినాడు, లంకలో దూరేటప్పుడు తగ్గినాడు. తగ్గడం గూడ ఒక సిద్ధే.”

“ఆయనకు స్ప్రింగులు లేవు గదా సారు, తగ్గుడు అల్కగ అయింది,” అన్నాడు బాల్యా.

అప్పుడే పక్కన తన టాక్సీ కడిగించుకొంటున్న ఐలన్న అందుకొన్నాడు. మత్తయ్య కారు ఇస్తానన్నది ఈ ఐలన్నకే. పోటీలో అతడూ ఉన్నాడు.

“దీనికి గింత ముచ్చట ఎందుకు? గ్యాసు కటింగుతోని స్ప్రింగుకు రెండు సుట్లు కోసి పారేస్తె అయిపాయె! నాది గట్లనే చేసిన. సూడు, బండి కుక్కపిల్ల లెక్క నేలకు అంటుకున్నది.”

“నిప్పు తాకితె ఉక్కు పాణం పోతది ఐలన్నా,” అన్నాడు బాల్యా. “నీ బండి కింద ఉన్నది స్ప్రింగు గాదు. స్ప్రింగు పీనుగ.”

“పీనుగైతేంది, నీ సుట్టం ఎస్తేరు కన్న ముంగట ఉరుకుతది.”

బాల్యాకు పట్టీల పనే గాని చుట్టల స్ప్రింగులు చుట్టే పని రాదు. కోదాడలో ఫకీరా అనే ఆయన చుడతాడనీ, అతని షెడ్డులో ఫోను లేదనీ, తన దగ్గరున్న పాత జెన్ స్ప్రింగు ఒకటి నమూనాగా పెట్టి, కోదాడ బస్సు కండక్టరు చేతికి చీటీ ఇస్తే అందుతుందనీ చెప్పాడు.

“మీరు రాయుండ్రి సారు. నేను రాస్తె కోడి గీకినట్టుంటది.”

“బండి రెండు వేళ్ళు కిందికి రావాలె, ఒరగొద్దు. గంతే రాయుండ్రి సార్,” అన్నది ఎస్తేరు.

నేను సంచిలోంచి కలం తీశాను. తెలిసిన విద్యను అక్కరకు వచ్చినప్పుడు దాచుకోవడం నాకు చేతకాదు. ఇలా రాశాను:

‘శ్రీయుత ఫకీరా గారికి. ఈ చీటి తెచ్చువారి వెంట పంపుచున్న నమూనా తీగచుట్టకంటె రెండంగుళములు కుఱుచగను, మిక్కిలి దృఢముగను నాలుగు చుట్టలు నిర్మించి పంప ప్రార్థన.’

ఎస్తేరు పైపైన చూసి, “మస్తుగున్నది సార్,” అన్నది. శిష్యులు గురువులను పాడుచేసేది ఇలాగే.

నాలుగో రోజున కోదాడ బస్సులో గోనెసంచి దిగింది. అందులో నల్లరంగు ఆరీ ఆరని నాలుగు స్ప్రింగులు. సూర్యాపేటలో బాల్యా పొద్దంతా కూర్చుని వాటిని బిగించాడు. మత్తయ్య, నేను, ఎస్తేరు చుట్టూ నిలబడి చూశాము. జాకీ దించడం అయిందనగానే మత్తయ్య తడుముకుంటూ వెళ్ళి చక్రం పైసందులో చేయి పెట్టాడు. నాలుగు వేళ్ళూ దూరాయి. బొటనవేలు కూడా దూరబోయింది.

“బాల్యా, జాకీ తీసినవా?”

“తీసిన మామా.”

“మల్ల సూడు.”

“జాకీ నా చేతులనే ఉన్నది మామా.”

కారు తగ్గకపోగా అరంగుళం లేచింది. పక్కనే తన టాక్సీ దగ్గర ఉన్న ఐలన్న బీడీ ఆర్పి వచ్చి, చుట్టూ తిరిగి చూసి, “ఎస్తేరూ, గిది పోటీకా, నాటుకా?” అని అడిగాడు. “కింద బురద పోనీకి మంచిగ జాగ ఉన్నది.”

సోమవారం నాడు ఆ ఎత్తు కారులోనే ముగ్గురమూ కోదాడ వెళ్ళాము. దారి పొడుగునా మత్తయ్య ఫకీరాను ఏమేమి అనాలో వరుసపెట్టి చెప్పుకొంటూ వచ్చాడు. తీరా వెళ్ళేసరికి ఫకీరా నెరిసిన గడ్డంతో, నిదానంగా, చేతులు తుడుచుకొంటూ ఎదురొచ్చి మాకు కుర్చీలు వేశాడు. నా ఉత్తరాన్ని గోడకు మేకు కొట్టి తగిలించుకొన్నాడు. “ఇంత చక్కని ఉత్తరం మా షెడ్డుకి ఎప్పుడూ రాలేదండి పంతులుగారూ. అందుకే పారేయబుద్ధి కాలేదు,” అన్నాడు.

“ఉత్తరం సక్కగున్నది గని, స్ప్రింగులు గిట్ల జేసినవేంది?” అన్నాడు మత్తయ్య.

“రాసింది రాసినట్టే చేశానండి. రెండంగుళాలు కురచ. ఇదిగో టేపు, కొలుచుకోండి.”

ఎస్తేరు ఉలిక్కిపడింది. “అంగుళాలా? నేను రెండు వేళ్ళు అన్న గదా సార్!”

“అంగుళమంటే వేలి వెడల్పే కదమ్మా,” అన్నాను. “అంగుళి అంటే వేలు. పూర్వం కొలతలన్నీ...” అంటూనే నా గొంతు సన్నబడింది. ఫకీరా చేతిలోని టేపు మీద అంగుళం నా వేలికంటే చాలా పెద్దదిగా కనబడుతున్నది.

మత్తయ్యకు మరో సందేహం వచ్చింది. “అంగుళం వేలు కన్న పెద్దదేనాయె. అట్లయితె బండి ఇంక కిందికి దిగాలె గని, పైకెట్ల లేసింది?”

“కిందికి దించమని ఎక్కడ రాశారండీ?” అన్నాడు ఫకీరా, మేకు నుండి ఉత్తరం తీసి. “కురచగా, మిక్కిలి దృఢంగా అన్నారు. ఉత్త దృఢం అంటే మామూలు తీగ వేసేవాణ్ణి. ‘మిక్కిలి’ అన్నారు కదా అని లావుపాటి తీగ వేశాను. ఒక్క మాట అడుగుతాను, చెప్పండి. పొడుగాటివాడు కుర్చీలో కూర్చున్నాడు. పక్కన పొట్టివాడు నిలబడ్డాడు. ఎవరి తల పైనుంటుంది?”

“నిలవడ్డోనిది,” అన్నది ఎస్తేరు.

“అంతేనమ్మా. మీ పాత స్ప్రింగు పొడుగుదే, కానీ బండి బరువుకి కూర్చుంటుంది. నేను చేసింది పొట్టిదే, కానీ మిక్కిలి దృఢం కదా, కూర్చోనంటుంది.”

భావం తెలియకుండా పదం వాడవద్దని తరతరాల పిల్లలకు చెప్పినవాణ్ణి. ‘కిందికి’ అన్న తేటమాట కాళ్ళ దగ్గరే పడి ఉండగా, దానిని దాటుకొని వెళ్ళి ‘కుఱుచ’ను తెచ్చుకొన్నాను. నా ముఖం చూసి ఎస్తేరు నా జేబులోని ఎర్రసిరా కలం మీదికి చేయి చాచింది.

“సార్, ఆ పెన్ను జర ఇయ్యుండ్రి.”

ఉత్తరాన్ని మోకాలి మీద పెట్టుకొని, పదో తరగతిలో ఆమె కాగితాల మీద నేను రాసే అక్షరాలతోనే అడ్డంగా రాసింది: ‘భావం చెడినది. అయిదుకు సున్న.’

ముందుగా ఫకీరా నవ్వాడు. తరువాత మత్తయ్య, ఏం రాసిందో అడిగి తెలుసుకొని, కుర్చీ పట్టుకొని నవ్వాడు. చివరికి నాకూ ఆగలేదు. నా జీవితంలో నేను దిద్దించుకొన్న కాగితం అదొక్కటే. మార్కులు న్యాయంగానే పడ్డాయి.

పోటీ జనవరి నాలుగున. ఫకీరా లెక్కవేసుకొని, “ఆదివారానికి మూడు రకాలు చుట్టి తెస్తానండి. ఏది మీ బండికి సరిపోతుందో వేసి చూసుకుందాం. ఈసారి ఉత్తరం వద్దు, నేనే వస్తా,” అన్నాడు.

అన్నట్టే క్రిస్మసు దాటిన ఆదివారం, ఎస్తేరు చర్చి నుండి వచ్చేసరికి ఫకీరా సంచులతో షెడ్డు ముందు దిగి ఉన్నాడు. బాల్యా తన గొలుసులూ జాకీలూ తెచ్చుకొన్నాడు. మూడు జతలను నేల మీద పరిచారు. మొదటిది మెత్తని తీగతో పొట్టిగా చుట్టినది. రెండోది లావు తీగతో మరింత పొట్టిగా చుట్టినది. మూడోదానిలో ఒక కొసన చుట్లు దగ్గర దగ్గరగా, రెండో కొసకు పోనుపోను ఎడంగా ఉన్నాయి. మూడింటిలో ఏది వేసినా బండి సరిగ్గా రెండు వేళ్ళే దిగుతుందని ఫకీరా హామీ ఇచ్చాడు.

“అట్లయితె ఏది మంచిదో ఎట్ల తెలుస్తది?” అని అడిగాను.

“అదే చూడాలండి. ఎత్తు ఒక్కటే అయినా నడక మూడు రకాలు.”

ఎస్తేరు కొంచెంసేపు ఆలోచించింది. “స్టీరింగు పట్టుకుంటె నాకు గెలవాలన్న యావ ఉంటది. ఏది మంచిగున్నదంటె మనసు అబద్ధం చెప్తది. సార్, మీరు ఎనక కూసోని పద్యం సదువుండ్రి. నాయినా, నువ్వు ముంగట కూసోని ఇను. పద్యం ఎక్కడ తెగుతదో సూద్దాం.”

మా పరీక్షశాల వేములపల్లి రోడ్డు. ఒకవైపు కోసిన మళ్ళు, నడుమ కాలువ వంతెన, ట్రాక్టర్లు తొక్కిన గుంటలు, రెండు గట్టి మలుపులు. చదవడానికి పద్యం నా దగ్గర సగమే ఉన్నది. కోదాడ నుండి సిగ్గుపడుతూ వచ్చిన దారిలో రెండు తేటగీతి పాదాలు కుదిరాయి:

తగ్గు వానికె మలుపులు తలను వంచు
ఎగిరి పడువాని గోతులే యెగరవేయు

మెత్తని జతతో మొదట బయలుదేరాము. మలుపులో బండి ఊగింది. నా ‘మలుపులు’ కాస్తా ‘మలూఊపులూ’ అయింది. వంతెన దిగేటప్పుడు అడుగు నేలకు తగిలి దభీమన్నది. లఘువులన్నీ గురువులై సాగాయి. “తొట్లె,” అని తీర్పు చెప్పాడు మత్తయ్య. “పండుకోనీకి మంచిగుంటది.”

మారుస్తూ గంట గడిచింది. లావు తీగ జతతో మలుపులో బండి గీత గీసినట్టు తిరిగింది. ఎస్తేరు ముఖం వెలిగింది. కాని గుంటల్లో పడగానే నా పద్యం ‘త. గ్గు. వా. ని. కె.’ అని ముక్కలైంది; దీర్ఘం ఒక్కటీ నిలవలేదు. ‘ఎగిరి పడువాని’ దగ్గర నేనే ఎగిరిపడి నాలుక కరుచుకొన్నాను.

“గిది పద్యమా, పిండిగిర్నీయా?” అన్నాడు మత్తయ్య.

“సిమెంటు మీద మాత్రం దీన్ని మించింది ఉండది నాయినా,” అన్నది ఎస్తేరు, కొంచెం ఆశగా.

“పోటీల సగం మట్టిబాట ఉన్నది బిడ్డా. గాడ చక్రం గాలిల ఉంటె, నీ స్టీరింగు దేవునికి దండం పెట్టుకోనీకి పనికొస్తది.”

మూడో జత వేసేటప్పుడు ఫకీరా దగ్గరి చుట్ల మీద వేలు ఆనించి నాకు చూపాడు. “చిన్న గుంటలకి ఈ దగ్గర చుట్లు నొక్కుకుంటాయండి, మెత్తగా. బరువు పడ్డప్పుడు ఇవి ఒకదాన్నొకటి ఆనుకుని ఆగిపోతాయి. అప్పుడు ఎడం చుట్లు గట్టిగా పట్టుకుంటాయి. చక్రం గుంటలో వేలాడినా ఈ దగ్గర చుట్లు సాగి, స్ప్రింగు తన చోటు వదలదు.” లఘువుల వెనుక గురువులను నిలిపిన ఆ కూర్పు నాకు వెంటనే అర్థమైంది. ఇనుముతోనూ ఛందస్సు కట్టవచ్చని అప్పటిదాకా నాకు తెలియదు.

బయలుదేరాము. మలుపులో బండి కొద్దిగా వంగి, వంగినచోట నిలిచింది. నేను రెండు పాదాలూ చదివాను. మళ్ళీ చదివాను. కిటికీలోంచి కాలువ నీళ్ళు వెనక్కి పోతున్నాయి.

“ఎస్తేరూ, గుంటలు ఇంకా రాలేదా?”

“మూడు పొయినయ్ సార్.”

మత్తయ్య సీటు వెనక్కి తల ఆనించాడు. అంతలోనే, వెతకకుండానే, మూడో పాదం నా నోట వచ్చింది: ‘మెత్తనయ్యును బిగువున మెలగు నట్టి’.

“నాలుగో పాదమేది సార్?”

“ఇంకా రాలేదు. కోదాడలో దొరుకుతుందేమో.”

షెడ్డుకు తిరిగి వచ్చాక మత్తయ్య దిగి, నాలుగు చక్రాల దగ్గరా వంగి వేళ్ళు పెట్టి చూశాడు. “రెండు పడుతున్నయ్. మూడోది పడ్తలేదు,” అని, ఆ వేళ్ళనే ఫకీరా భుజం మీద వేశాడు. “కోదాడోళ్ళు మాటకు అండి అంటరు గని, పని మాత్రం సాఫ్ చేస్తరు.”

పోటీ నాడు మిల్లు ఆవరణ నిండిపోయింది. పదకొండు బండ్లు. కంచె పక్కన కుర్చీలో మత్తయ్య, ఆయన పక్కన నేను, మా వెనుక బాల్యా, ఫకీరా. ఐలన్న ఎనిమిదోవాడుగా వెళ్ళాడు. నిజం చెప్పాలి, సిమెంటు మీద అతని బండి గొప్పగా తిరిగింది. ఒక్క డబ్బా మోగలేదు. మట్టిబాటలో మొదటి పెద్ద గుంట దగ్గర చక్రం గాలిలో వేలాడింది; కోసిన స్ప్రింగు చోటు వదిలి పక్కకు ఒరిగింది. తక్కిన బాట అంతా కారు కుంటుకొంటూ వచ్చింది. అయినా ఐలన్న నవ్వుతూనే దిగి, “బాల్యా, పీనుగ లేసి ఉరికిందిరా!” అని అరిచాడు. అప్పటికి అందరికన్నా తక్కువ సమయం కోదాడకే చెందిన ఒక డ్రైవరుది: ఒక నిమిషం పదమూడు సెకండ్లు.

ఎస్తేరు పదోది. జెండా దిగింది. నేను మత్తయ్యకు చెప్పడం మొదలుపెట్టాను: “ఇదిగో మొదటి డబ్బా దాటింది, ఎడమకు...”

“మీరు ఊకోండ్రి సారు. ఇననియ్యుండ్రి.”

నోరు మూసుకొన్నాను. అప్పుడు నేనూ విన్నాను. టైర్లు సిమెంటు మీద రాసుకొనే సన్నని ఈల, గేరు మారే చిన్న విరామం, మళ్ళీ ఈల. ఈలకూ ఈలకూ నడుమ ఎడం ఒక్కటే. మత్తయ్య మోకాలి మీద వేలితో తాళం వేస్తున్నాడు. మూడు, నాలుగు, అయిదు, ఆరు.

ఠంగుమన్నది.

మత్తయ్య వేలు ఆగిపోయింది. ఆయన ముఖంలోని వెలుగంతా ఒక్కసారిగా దిగిపోయింది. నేను డబ్బాల వైపు చూశాను. అన్నీ నిలబడే ఉన్నాయి. ఏమి మోగిందో అర్థం కాలేదు.

“నేనే మామా! నేనే!” అని వెనుక నుండి బాల్యా కేక. కంచె ఎక్కి చూడబోయి, చేతిలోని స్పానరును కింద ఉన్న నీళ్ళడబ్బా మీద జారవిడిచాడు. “దేవుని తోడు మామా, నా స్పానరే పడ్డది!”

“నీ స్పానరు మండ! నా పాణం తీస్తివి గదరా!” అన్నాడు మత్తయ్య. వేలు మళ్ళీ మోకాలి మీదికి వచ్చింది. ఏడు, ఎనిమిది. సిమెంటు అయిపోయింది. మట్టిబాట మీద బండి చప్పుడు మారింది. గుంటలు ఒకటొకటిగా దడదడమని మొదలై, లోపలికి మింగుడుపడినట్టు అణగిపోయాయి. ఐలన్న బండి ఒరిగిన గుంట దగ్గర చక్రం వేలాడింది, దిగింది, ఎస్తేరు ఇంజను గొంతు తగ్గలేదు. ఎర్ర కారు దుమ్ములోంచి వచ్చి గీత దాటింది.

మైకులో సంఘం పెద్ద చదివాడు: “మిర్యాలగూడ ఎస్తేరు. ఒక నిమిషం పదకొండు సెకండ్లు. డబ్బాలు, సున్నా.”

పదకొండో బండి కూడా వెళ్ళి వచ్చి, మొదటి పేరు మళ్ళీ చదివేదాకా మత్తయ్య కుర్చీలోంచి కదలలేదు. చదవగానే లేచి, ఎస్తేరు ఎటువైపు ఉన్నదో ముందుగా చెవితో పట్టి, అటు నడిచాడు. “ఒక్కటి మోగలె బిడ్డా,” అన్నాడు. “ఒక్కటంటె ఒక్కటి మోగలె.”

“మోగింది గద నాయినా, బాల్యన్నది.”

“దానికి అయిదు సెకండ్లు బాల్యాకు కలుపుదాం.”

ఆ నవ్వుల నడుమ నాలుగో పాదం దొరికింది. ఐలన్నతో సహా అందరూ వినేటట్టు పద్యం పూర్తిగా చదివాను:

తగ్గు వానికె మలుపులు తలను వంచు
ఎగిరి పడువాని గోతులే యెగరవేయు
మెత్తనయ్యును బిగువున మెలగు నట్టి
చుట్ల తీగకు నెస్తేరు చూపు తోడు

ఫకీరా దానిని రాసి ఇమ్మని అడిగాడు. పాత ఉత్తరం పక్కన మేకుకు తగిలిస్తానన్నాడు. ఎస్తేరు నా జేబులోంచి ఎర్రసిరా కలం తీసి, ఒక్కసారి చదువుకొని, మూలన ‘అయిదుకు అయిదు’ అని వేసింది.

మూడు రోజులకు బోర్డు మీద కొత్త రంగు పడింది. ఒక్కొక్క అక్షరం జానెడు ఎత్తు. మత్తయ్య రోడ్డుకు అవతల నిలబడి, “ఎ కనవడుతున్నది. స్తే గూడ కనవడుతున్నది,” అంటూ పోయే వచ్చేవారికి చెప్పుకొన్నాడు. అయినా మరునాటి పొద్దున నేను వెళ్ళేటప్పుడు నాకొక భయం ఉన్నది. పేరు నిలిచింది సరే, నేర్చుకొనేవారు రావద్దా? ముందు రావలసిన ఆ ఒక్కరు ఎవరు?

ఆ ఒక్కరు షెడ్డు మెట్టు మీద అప్పటికే కూర్చుని ఉన్నారు. కొంగు నడుముకు బిగించి, పాదాలకు చెప్పులు కాక నా పాత కాన్వాసు బూట్లు తొడుక్కొన్న మా ఇంటావిడ రుక్కమ్మ. ఇంటి దగ్గర నాతో ఒక్క మాట చెప్పలేదు. ఆమె వెనుక, ముందెవరైనా వస్తే వస్తామన్న మా వాడకట్టు ఆడవాళ్ళు అయిదుగురు, నవ్వులు ఆపుకొంటూ నిలబడ్డారు.

“ఏంది రుక్కమ్మా ఇది?”

“స్ప్రింగులకు ఉత్తరాలు రాసేటోళ్ళు ఉండంగ, కారు నేర్సుకునేటోళ్ళు ఉండొద్దా?” అన్నది. “ఎనక కూసోండ్రి.”

ఎస్తేరు పక్క సీట్లో కూర్చుంది. బండి రెండుసార్లు ఎక్కిళ్ళు పెట్టి, సాగర్ రోడ్డు మీదికి వచ్చింది. సందర్భోచితమని నేను గొంతు సవరించుకొని తేటగీతి ఎత్తుకొన్నాను. మొదటి పాదంలో యతి దాకా కూడా పోలేదు.

“జర మీ పద్యం ఆపుండ్రి,” అన్నది రుక్కమ్మ, అద్దంలో నన్ను చూస్తూ. “గేరు ఇనవడ్తలేదు.”